చంటిబిడ్డకు బండి

బిడ్డ పుట్టబోవుచున్న యింట ఉయ్యాల ప్రసక్తి రాకుండ ఉండదు. క్రొత్తది కొనవలెనా, అమ్మమ్మగారి నాటి పాత ఉయ్యాలకే రంగు వేయింపవలెనా యను చర్చ మన పెద్దల కాలమునుండి వచ్చుచున్నదే. ఈ కాలమున దానితోపాటు మరియొక వస్తువు కూడ చర్చకు వచ్చుచున్నది. అది బిడ్డను పరుండబెట్టి త్రోసికొనిపోవు బండి. తోపుడుబండి యన్నచో మనకు కూరలవాని బండి స్ఫురించును గనుక అంగళ్లవారు దీనిని స్ట్రోలర్ అనియు, ప్రామ్ అనియు పిలుచుచున్నారు. మేము పిల్లలబండి యనియే వ్రాసెదము.

విశాఖపట్టణమున ఈ బండ్లు మూడు నాలుగు వేల రూపాయలు మొదలుకొని ముప్పదివేలు దాటు వరకును దొరకుచున్నవి. కొనువారు సాధారణముగ రంగును, మెత్తను, మిత్రుల మాటను చూచి కొనుచున్నారు. కొన్ని యిండ్లలో విదేశమునందున్న అన్నయో ఆడపడుచో కానుకగ పంపుదురు. తీరా రెండు నెలలు గడచునప్పటికి ఆ బండి వసారాలో ఒక మూల చేరి, ఉతికిన బట్టలు ఆరవేయుటకు పనికివచ్చుచుండును. బండి చెడ్డదగుటచేత ఇట్లు జరుగుటలేదు. అది మన వీధికిని, మన మెట్లకును, మన యెండకును తగినది కాకపోవుటచేతనే జరుగుచున్నది.

ఇది డబ్బు నష్టముతో పోవు విషయము కాదు. పూర్వము పురిటాలికి తల్లియు, మేనత్తయు, ఇరుగుపొరుగు అమ్మలక్కలును తోడుండెడివారు. బిడ్డ నొకరు ఎత్తుకొన్న వేరొకరు నీళ్లు పోసెడివారు. నేడు మూడవ అంతస్తు వాటాలో తల్లియు బిడ్డయు మాత్రమే పగలెల్ల గడపు సంసారములు ఈ నగరమున ఎన్నియో కలవు. ఉక్కు కర్మాగారమునందును, రేవునందును పనిచేయు భర్తలకు రాత్రి షిఫ్టు వచ్చిన వారమున పగలు నిద్ర. పుట్టినింటినుండి వచ్చిన తల్లి రెండు నెలలకు తిరిగి పోవును. అటుపిమ్మట ఆ యింటి యిల్లాలు నాలుగు గోడల నడుమ చిక్కుకొని, గాలి వెలుతురు లేక, మాటలాడు తోడు లేక క్రుంగిపోవుచుండును. ఆమె సాయంకాలము అరగంటసేపు బయటికి పోయి రాగలుగుటయే పిల్లలబండి వలన కలుగు ముఖ్య ప్రయోజనము. కావున బండిని చూచుటకు ముందు ఆ తల్లి నడువవలసిన దారిని చూడవలెనని మా అభిప్రాయము.

ఈ బండి పుట్టుక కూడ ఇదే నేర్పుచున్నది. 1733 ప్రాంతమున ఇంగ్లండులో విలియం కెంట్ అను శిల్పి డెవన్‌షైర్ ప్రభువు బిడ్డల కొఱకు శంఖాకారమున నొక చిన్న బండిని చేసెను. దానిని మేకయో పొట్టి గుఱ్ఱమో లాగునట్లు ఏర్పాటు. అది విశాలమైన తోటలు గల ప్రభువుల విలాసము. 1889లో అమెరికాయందు విలియం రిచర్డ్‌సన్ అను నాతడు బిడ్డ ముఖమును తల్లివైపునకు త్రిప్పుకొన వీలగు బండికి పేటెంటు పొందెను. అయినను బండ్ల బరువు మాత్రము చాలకాలము తగ్గలేదు. తుదకు ఓవెన్ మెక్లారెన్ అను విమానయంత్రజ్ఞుడు, స్పిట్‌ఫైర్ యుద్ధవిమానమునకు చక్రముల అమరిక రూపొందించినవాడు, తన కుమార్తె మాస్కోనుండి వచ్చినప్పుడు మనుమరాలి బరువైన బండితో పడుచున్న అవస్థను కన్నులార చూచెను. ఆయన తేలికయగు అల్యూమినియపు గొట్టములతో, గొడుగువలె ముడుచుకొను బండిని కల్పించి 1965లో పేటెంటు కొఱకు దరఖాస్తు చేసెను. దాని బరువు మూడు కిలోలలోపే. ప్రయాణము చేయు తల్లి కష్టమును చూచినవాడు చేసిన బండి యగుటచేతనే అది లోకమంతట వ్యాపించినది.

మొదట చూడవలసినది బరువు. ఆఱునెలల బిడ్డ ఏడెనిమిది కిలోలు తూగును. మెత్తలు, బుట్టలు, పెద్ద చక్రములు గల బండి పండ్రెండు కిలోలకు పైబడి యుండవచ్చును. లిఫ్టు లేని యింట ఈ రెండింటిని కలిపి మోయువారెవరు? శస్త్రచికిత్సతో ప్రసవించిన తల్లి కొన్ని వారములపాటు బిడ్డకన్న మించిన బరువు నెత్తరాదని వైద్యులు చెప్పుదురు. కావున దుకాణములో బండిని నేలమీద త్రోసిచూచుటతో తృప్తిపడక, ఒక చేత బిడ్డ నెత్తుకొన్నట్లే యుండి, రెండవ చేతితో దానిని మడచి, ఎత్తి, పది అడుగులు నడచి చూడవలెను. లిఫ్టు గలవారు దాని వాకిలి వెడల్పును ముందుగనే కొలిచి వ్రాసికొని పోవుట మేలు.

రెండవది బ్రేకు. మన నగరము కొండలమీదను, వాటి వాలులమీదను పుట్టి పెరిగినది. వాల్తేరు మెట్టనుండియు, సిరిపురమునుండియు పాండురంగాపురము మీదుగ సముద్రమునకు దిగు దారిని ఎఱుగని విశాఖవాసి ఉండడు. అట్టి వాలులో చేయి విడిచిన బండి క్షణములో నాలుగు బారలు పోవును, ఎదురుగ వాహనములు. ఒక్క కాలితో నొక్కగనే వెనుక చక్రములు రెండును ఒకేసారి బిగిసికొను బ్రేకు మేలు. దుకాణములో బిడ్డకు బదులు పదికిలోల బియ్యపు సంచిని పరుండబెట్టించి, వాహనములు ఎక్కించు వాలుబాటపై నిలిపి పరీక్షింపవలెను. అమ్మువాడు నవ్విన నవ్వనిండు. బండి పిడికిని మన మణికట్టునకును కలుపు పట్టీ యున్నచో ఇంకను మంచిది. సముద్రపు గాలి బలముగ వీచునపుడు సమతలమునందు కూడ నిలిపిన బండి కదలగలదు గనుక, మాటలాడుటకు ఆగినను బ్రేకు వేయు అలవాటు చేసికొనవలెను. కూరల సంచిని పిడికి తగిలించుట మన తల్లులు తఱచుగ చేయు పని. బిడ్డను తీయగనే ముందు బరువు తగ్గి బండి వెనుకకు బోర్లపడును. సంచిని క్రింది బుట్టలోనే వేయవలెను.

మూడవది చక్రములు. ఉక్కునగరపు సెక్టార్లలోను, ఎం.వి.పి. కాలనీ లోపలి వీధులలోను చదునైన రోడ్లపై చిన్న జంటచక్రముల బండి సులువుగ సాగును. గతుకులు, ఎత్తుపల్లపు పలకలు, కాలువ మూతలు దాటవలసిన చోట కొంచెము పెద్ద చక్రములు గావలెను. రామకృష్ణా బీచి ఇసుకలో ఏ చిన్నచక్రమును ముందుకు పోదు. అక్కడ తెల్లవారుజామున వాహనములను ఆపి రోడ్డును నడచువారికి విడుచు ఏర్పాటు ఉన్నది గనుక, ఇసుకలోనికి దింపక ఆ రోడ్డుమీదనే త్రోసికొనిపోవుట సుఖము.

ఉక్కు పుట్టు ఊరిలో తుప్పును గూర్చి చెప్పనక్కఱలేదు. సముద్రపు ఉప్పుగాలికి ఇనుప మేకులు, స్ప్రింగులు, చక్రపు ఇరుసులు ఒక్క వర్షకాలములో ఎఱ్ఱబారును. తుప్పుపట్టిన బ్రేకు పైకి బాగుగనే కనబడి అవసరమునకు పట్టదు. బండి చట్రము అల్యూమినియముదైనను మేకులు ఇనుపవై యుండవచ్చును. తీరమునకు పోయి వచ్చిన దినమున మంచినీటి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒత్తి, నెలకొకమాఱు ఇరుసులలో చుక్క నూనె వేసిన చాలును.

ఇక బిడ్డ వయస్సు. మెడ నిలుపని శిశువును కూర్చుండబెట్టు బండిలో ఉంచిన తల ముందుకు వ్రాలి, గడ్డము రొమ్మున కానుకొని ఊపిరికి అడ్డము కలుగవచ్చును. కావున ఇంచుమించు ఆఱునెలలు నిండువరకు వీపు బల్లపరుపుగ వాల్చుటకు వీలగు బండియే కావలెను. భుజములమీద రెండు, నడుముచుట్టు రెండు, కాళ్లనడుమ ఒకటి, ఇట్లు ఐదు పట్టీలుండవలెను. బిడ్డ కదలడుగదా యని పట్టీలు పెట్టకుండుట తగదు. కదలని బిడ్డ యే దినమున బోరగిలునో ఎవరికి తెలియును? మడచునపుడు కీళ్ల సందున చిన్నవ్రేళ్లు పడకుండ తొడుగులున్నవో లేవో కూడ చూడవలెను. 2009లో అమెరికాయందు మెక్లారెన్ సంస్థవారి బండ్లు సుమారు పదిలక్షలు, కీళ్లలో పిల్లల వ్రేళ్లు తెగిన కారణముచేత, తొడుగులు అమర్చుటకై రీకాలు చేయబడినవి. అంతటి పేరుగల బండికే అట్టి లోపము కలిగినపుడు మనము పేరును నమ్మి పరీక్ష మానుట యుక్తము కాదు.

అంగళ్లలో ఈ బండి ప్రక్కనే వాకర్ అను చక్రముల కుర్చీని కూడ చూపుదురు. ఇది వేఱు. బిడ్డ దానిలో నిలిచి కాళ్లతో తన్నుకొనుచు తిరుగును. మెట్లమీదనుండి పడిన ప్రమాదములు పెక్కు జరుగుటచేత కెనడా దేశము 2004లో వీటి అమ్మకమునే నిషేధించినది. నడక నేర్పు వస్తువు కావలెనన్నచో మన పెద్దలెఱిగిన మూడుచక్రముల కొయ్యబండి యున్నది. దానిని బిడ్డ నిలబడి, పట్టుకొని, పెద్దల కంటియెదుట త్రోయును. మనకు చేరువనున్న ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱతో, చెట్ల రంగులతో, లక్కపూతతో బొమ్మలు చేయు నేర్పరులు కలరు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది.

విశాఖ తల్లులు మిక్కిలి జాగ్రత్తపడవలసినవి ఎండయు, గాలియు. బిడ్డకు ఎండ తగులునని బండి టాపుమీదనుండి పలుచని గుడ్డ నొకటి కప్పుట అందఱును మేలనుకొనుచున్నారు. కాని అందువలన లోపలి గాలి ఆడక వేడి పెరుగును. సిడ్నీ విశ్వవిద్యాలయమువారు 2023లో ప్రకటించిన పరిశోధనమున పొడిగుడ్డ కప్పిన బండిలో వేడిమి బయటికన్న హెచ్చినట్లును, తడిపిన పలుచనిగుడ్డ కప్పిన తగ్గినట్లును తేలినది. అయితే మన ఊరి తేమగాలిలో తడిగుడ్డ త్వరగ ఆరదు గనుక దానినే నమ్ముకొనక, వేసవిలో తొమ్మిది గంటల తరువాతను, సాయంకాలము ఐదింటికి ముందును బిడ్డను బయటికి తీయకుండుటయే క్షేమము. టాపు వెడల్పుగ నుండి, వీపువైపున గాలికి జాలీ యున్న బండిని ఎన్నుకొనవలెను. నడుమనడుమ బిడ్డ మెడవెనుక చేయిపెట్టి చూచినచో చెమట తెలియును.

గాలి సంగతి ఇంతకన్న ముఖ్యము. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2018లో, బండిలోని శిశువులు ప్రక్కన నడచు పెద్దలకన్న నూటికి అఱువది వంతులవఱకు అధికముగ కలుషితమైన గాలిని పీల్చవచ్చునని ప్రకటించిరి. వాహనముల పొగగొట్టములు నేలకు మీటరులోపుననే యుండుటయు, బిడ్డ ముఖము కూడ ఆ యెత్తుననే యుండుటయు ఇందులకు కారణము. లారీలు విసుగులేక తిరుగు రేవు రోడ్లను, జాతీయరహదారిని, జగదంబ కూడలివంటి రద్దీ స్థలములను బండితో దాటకుండుట మంచిది. బిడ్డ ఆసనము ఎత్తుగనున్న బండి ఈ విషయమున మేలైనది. కూడలిలో ఆగవలసివచ్చిన, వాహనముల వెనుకకు పోక పదియడుగులు ఎడమున నిలువవలెను.

ఇన్ని చెప్పిన తరువాత, బండి లేకున్నను జరుగదాయని యెవరైన అడిగినచో, జరుగుననియే చెప్పుదుము. పాతపట్టణపు సందులలోను, పూర్ణామార్కెట్టు రద్దీలోను, సింహాచలము మెట్లమీదను ఏ బండియు పనికిరాదు. అక్కడ మెత్తని గుడ్డతో బిడ్డను ఎదకు కట్టికొనుటయే సుళువు. బిడ్డ ముఖము కనబడుచు, ముక్కునకు గుడ్డ అడ్డము రాకుండ, తల్లి తలవంచి బిడ్డ నుదుటిని ముద్దిడగలిగినంత యెత్తున కట్టవలెను. అక్కచెల్లెండ్రకు చెందిన బండి యొకటి యింటనున్నచో క్రొత్తది కొనుట దండుగ. పాతదానిని తీసికొనువారు బ్రేకు, పట్టీల కొక్కెము, కీళ్లు, చక్రములు ఈ నాలుగింటిని పరీక్షింపవలెను. వీనిలో ఏది చెడినను బాగుచేయించుకొనవలెను. బాగుపడనిచో అట్టి బండిని ఎవరికిని ఈయరాదు.

కొనదలచినవారు దుకాణమునకు పోవుటకు ముందు ఒక కాగితముమీద నాలుగు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనవలెను. ఇంటికి మెట్లెన్ని? బండిని దింపునదెవరు? గుమ్మమునుండి పార్కునకో, తీరమునకో పోవు దారి వాలుగ నున్నదా? ఆ దారిని ఏ వేళ ఎండయు పొగయు తక్కువ? ఈ జవాబులకు సరిపోవు బండి ఐదువేలకే దొరకినను అదియే మంచిబండి. బండిని దింపునది ఒక్క తల్లియే కానక్కఱలేదు. రాత్రి షిఫ్టునుండి వచ్చి నిద్రలేచిన తండ్రియు, చూడవచ్చిన తాతగారును సాయంకాలము దానిని మెట్లు దింపి యిచ్చినచో అది మూలన పడదు. క్రొత్తగ తల్లులైన సోదరీమణులకు దినమున కొక్క అరగంట సముద్రపు గాలి లభించునట్లు ఇంటివారెల్లరు తోడ్పడుదురు గాక.