ఇటాలియను భాషలో తీరికను తెలుపు విధము

ఒకప్పుడు ఒక మిత్రుడు సాయంకాలము కలిసికొందమా అని అడుగగా, కాదనలేక "చూద్దాము" అంటిమి. ఆయన దానిని ఒప్పుకోలుగా తలచి బస్టాండులో గంటసేపు మా కొరకు నిలిచినాడు. స్వభాషలోనే ఇట్టి పొరపాటు జరిగినప్పుడు, పరభాషలో మరింత జాగ్రత్త అవసరము గదా! ఇటాలియను నేర్వదలచిన విద్యార్థుల కొరకు ఈ విషయమును కొంత వివరింతుము.

తెలుగులో "నాకు తీరిక ఉన్నది" అందుము. ఉర్దూలో "ముఝే ఫుర్సత్ హై" అందుము. రెండింటను తీరిక మనకు కలిగిన ఒక వస్తువు. ఇటాలియనులో అట్లు గాక, మనిషియే 'లీబెరో', అనగా స్వేచ్ఛ గలవాడు. కావున ఆ పదము లింగమును బట్టి మారును. పురుషుడు "సోనో లీబెరో" అనును. స్త్రీ "సోనో లీబెరా" అనును. స్నేహితుని "సెయి లీబెరో?" అని అడుగవచ్చును. గురువును మాత్రము "లేయి ఎ లీబెరో?" అని గౌరవముతో అడుగవలెను. మన 'నీవు', 'మీరు'లకు, ఉర్దూ 'తుమ్', 'ఆప్'లకు గల భేదము వంటిదే ఇది.

వేరొక పని ఉన్నచో "ఓ ఉన్ ఇంపేన్యో" అందురు. ఈ మాటకు మూలమైన 'పేన్యో' అనగా తాకట్టు. ఆ సమయమును ముందే మరొకచోట తాకట్టు పెట్టితిమన్నట్లు!

రెండు చోట్ల ఒక్క చిన్న పదము అర్థమునే మార్చును. "సోనో లీబెరో సాబతో" అన్నచో ఈ శనివారము తీరిక యని; 'సాబతో'కు ముందు 'ఇల్' చేర్చినచో ప్రతి శనివారము తీరిక యని. అట్లే "వెదియామో" అనగా 'చూద్దాము'. మన మాట వలెనే అది ఒప్పుకోలు కాదు. "చి వెదియామో సాబతో" అన్నచో 'శనివారము కలిసికొందము' అని మాట ఇచ్చినట్లే.

సమ్మతికి "మి వా బేనె" చాలును. 'మి' అనగా 'నాకు'. 'నాకు అనుకూలమే' అని భావము. ఇచ్చట ఇటాలియను మన నుడికారమునకు చేరువగా వచ్చినది.

వీలుకానిచో "నోన్ పోస్సో", అనగా 'నాకు వీలుకాదు', అని చెప్పవలెను. ఆనాడు మేము ఆ ఒక్క మాట తెలుగులో చెప్పియుండినచో మా మిత్రునికి ఆ గంట మిగిలియుండెడిది. ఏ భాషలోనైనను స్పష్టముగా కాదనుట కూడ ఎదుటివారి కాలమునకు మనము చేయు మర్యాదయే.