టౌరిన్ తాగితే కండరాలకు బలం వస్తుందా?

పోయిన ఎపిసోడ్‌లో ఎనర్జీ డ్రింక్స్ గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి ఒక అక్క నాకు మెసేజ్ పెట్టారు. వాళ్ల బాబుకి డ్యూషెన్ అనే కండరాల క్షీణత జబ్బు ఉందట. "తమ్ముడూ, టౌరిన్ కండరాలకు మంచిదంటున్నారు కదా, పౌడర్ తెప్పించి బాబుకి ఇవ్వనా?" అని అడిగారు. ఒక్క లైన్‌లో రిప్లై ఇచ్చేసే ప్రశ్న కాదిది. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తం దీని మీదే.

ముందు పేరు సంగతి. 1827లో టీడెమాన్, గ్మెలిన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు ఎద్దు పిత్తరసంలో దీన్ని కనుక్కున్నారు. లాటిన్‌లో టారస్ అంటే ఎద్దు. పేరు అలా వచ్చింది, అంతే. ఇప్పుడు డ్రింక్స్‌లో వేసే టౌరిన్‌ను ఫ్యాక్టరీల్లో తయారుచేస్తారు.

అసలు విషయం ఏంటంటే, టౌరిన్ ఇప్పటికే మీ ఒంట్లో ఉంది. ఎక్కువ భాగం కండరాల్లోనే ఉంటుంది. చేపలు, రొయ్యలు, మాంసం నుంచి కొంత వస్తుంది, కొంత మన లివరే తయారుచేసుకుంటుంది. ఇది ప్రొటీన్ లాగా కండను కట్టే ఇటుక కాదు. మరి ఏం చేస్తుంది? కండరం బిగుసుకోవాలంటే కణం లోపల దాచిన కాల్షియం బయటికి రావాలి, వదులవ్వాలంటే మళ్లీ లోపలికి వెళ్లిపోవాలి. ఆ రాకపోకలు సాఫీగా సాగడానికి టౌరిన్ సాయపడుతుంది. కణంలో నీళ్ల లెక్క తప్పకుండా కూడా చూస్తుంది.

మరి అది లేకపోతే? పిల్లులు టౌరిన్‌ను సరిపడా తయారుచేసుకోలేవు. తిండిలో అది తక్కువైతే వాటి గుండె కండరం బలహీనపడి సాగిపోతుందని, టౌరిన్ ఇస్తే మళ్లీ కోలుకుంటుందని 1987లో అమెరికాలో తేలింది. టౌరిన్ కణంలోకి వెళ్లే దారి లేకుండా పుట్టించిన ఎలుకలైతే కాసేపు పరిగెత్తగానే అలసిపోయాయి.

ఇక్కడే మనం పొరపాటు పడతాం. లేకపోతే నష్టం కాబట్టి, ఎక్కువ తీసుకుంటే లాభం అనుకుంటాం. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోస్తే ఏమవుతుంది? పొర్లిపోతుంది. టౌరిన్ కూడా అంతే, ఎక్కువైంది మూత్రంలో పోతుంది. వ్యాయామం మీద చేసిన ప్రయోగాల్లో కొన్నిటిలో ఓపిక కాస్త పెరిగింది, కానీ చాలా కొద్దిగానే. 250 మిల్లీలీటర్ల డ్రింక్ క్యాన్‌లో టౌరిన్ సుమారు 1000 మిల్లీగ్రాములు ఉంటుంది, కానీ తాగగానే వచ్చే ఊపు కెఫీన్‌ది. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దని ఆ క్యాన్ మీదే రాసి ఉంటుంది, ఒకసారి తిప్పి చూడండి.

మరి టౌరిన్ మందుగా పనిచేసిన జబ్బే లేదా? ఉంది. దాని పేరు మెలాస్. మైటోకాండ్రియా, అంటే కణానికి శక్తినిచ్చే భాగం దెబ్బతినే జబ్బు. కండరాలు నీరసిస్తాయి, పక్షవాతం లాంటి దాడులు వస్తుంటాయి. మైటోకాండ్రియాలో ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏకి టౌరిన్ అతుక్కోవాలి, ఈ జబ్బులో అది సరిగ్గా అతుక్కోదు. జపాన్‌లో 10 మందికి ఏడాది పాటు రోజుకు 9 నుంచి 12 గ్రాములు ఇస్తే, 6 మందిలో ఆ దాడులు పూర్తిగా ఆగాయి. 2019లో అక్కడి ప్రభుత్వం దీనికి అనుమతిచ్చింది. అయితే అది డాక్టర్లు దగ్గరుండి చేసిన వైద్యం. పోల్చి చూడటానికి మందు ఇవ్వని గుంపు కూడా ఆ ప్రయోగంలో లేదు.

డ్యూషెన్ వేరు. అందులో డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ తయారయ్యే జీన్‌లోనే లోపం ఉంటుంది. ఆ జబ్బున్న ఎలుకలకు టౌరిన్ ఇస్తే కండరాల వాపు తగ్గి కొంత మేలు కనిపించింది. మనుషుల్లో మాత్రం అది నిరూపితమైన వైద్యం కాదు. టౌరిన్ ఆ జీన్‌ను సరిచేయలేదు.

అందుకే అక్కకి ఇదే చెప్పాను: "పౌడర్ కొనే ముందు బాబుని చూసే డాక్టర్‌ని అడగండక్కా. స్టెరాయిడ్ మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు, ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. ఫిజియోథెరపీ, గుండె, ఊపిరితిత్తుల చెకప్‌లు వదలొద్దు."

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లలోనో ఇలాంటి బాబు ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.