లోహవిషములకు విరుగుడు

సీసము, పాదరసము, ఆర్సెనిక్ మొదలగునవి పరిశ్రమలలో అనేక విధముల ఉపయోగపడుచున్నవి. కాని అవి శరీరములో ప్రవేశించినచో విషములగును. ఆహారము జీర్ణమైనట్లు లోహము జీర్ణము కాదు. దానిని వెలికి పంపవలసినదే. ఇందులకు సాధనమైన ఒక ముఖ్య ఔషధము యుద్ధభయమునుండి పుట్టినది.

మొదటి ప్రపంచ యుద్ధము ముగియుచున్న కాలమున అమెరికాలో లూయిసైటు అను విషద్రవమును సిద్ధపరచిరి. ఇందు ఆర్సెనిక్ కలదు. ఇది చర్మమునకు తగిలినంతనే మంట పుట్టును. కొన్ని గంటలలో బొబ్బలు లేచును. కంటిలో పడినచో చూపు పోవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధమున శత్రువులు దీనిని ప్రయోగింతురేమో యను శంకతో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున రుడాల్ఫ్ పీటర్స్, స్టాకెన్, థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు పరిశోధనలు సాగించి విరుగుడును కనుగొనిరి. 1945లో ఆ విషయము లోకమునకు వెల్లడియైనది. దానికి బ్రిటిష్ యాంటీ లూయిసైట్ అను పేరు వచ్చినది. వైద్యులు దీనిని డైమెర్కప్రాల్ అందురు.

ఇది పనిచేయు విధము

ఆహారమును శక్తిగా మార్చు ఎంజైములు శరీరకణములలో కలవు. వానిలో కొన్నింటియందు గంధకపు పరమాణువులు జంటగా నుండును. ఆర్సెనిక్ ఆ గంధకమును అంటిపెట్టుకొని, ఎంజైము పనిని నిలిపివేయును. డైమెర్కప్రాలునందును రెండు గంధకపు పరమాణువులు ప్రక్కప్రక్కన కలవు. ఎండ్రకాయ తన రెండు ముందుకాళ్ళతో ఎరను పట్టినట్లు, ఈ మందు ఆర్సెనిక్‌ను రెండు వైపుల నుండి గట్టిగా పట్టి, ఎంజైమునుండి విడదీయును. అట్లు పట్టుబడిన విషము మూత్రముతో వెలుపలికి పోవును. ఈ క్రియను కీలేషన్ అందురు. ఎండ్రకాయ పట్టుకాలికి గల గ్రీకు పదమునుండి ఈ మాట వచ్చినది.

ఉపయోగములు, హెచ్చరికలు

మొదట దీనిని లూయిసైటు కాల్పులపై పూతగా వాడుటకు ఉద్దేశించిరి. తరువాత ఆర్సెనిక్, పాదరస లవణములు, బంగారపు మందులు కలిగించు విషదోషములకు ఇంజక్షనుగా ఇయ్యసాగిరి. సీసవిషము మెదడునకెక్కిన పిల్లలకు మొదట దీనినిచ్చి, పిమ్మట కాల్షియం డైసోడియం ఎడిటేట్ అను మరియొక మందును ఇత్తురు. డైమెర్కప్రాలును వేరుశనగ నూనెలో కలిపి కండలోనికి లోతుగా ఎక్కింతురు. కావున వేరుశనగ పడనివారు ఆ సంగతిని వైద్యునకు ముందే చెప్పవలెను. ఇంజక్షను మిక్కిలి నొప్పి కలిగించును. రక్తపుపోటు పెరుగుట, వాంతులు, నోటిలో మంట కలుగవచ్చును. విషము సోకిన పిదప ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు.

ఇది అన్ని లోహములకును విరుగుడు కాదు. ఇనుము, కాడ్మియం విషములందు దీనిని వాడిన హాని పెరుగును. మిథైల్ మెర్క్యురీ అను పాదరస రూపమును ఇది మెదడులోనికి చేర్చవచ్చును. కావున ఏ లోహమో రక్తమూత్ర పరీక్షలచే తెలిసికొని, వైద్యుడే మందును నిర్ణయింపవలెను. “ఒంటిలోని లోహములన్నియు కడిగివేయును” అని చెప్పి అమ్ము మందులను స్వయముగా వాడరాదు.

ప్రజలు చేయవలసినది

యాసిడ్, సున్నము, కాస్టిక్ సోడా వలని కాల్పులకు ఈ మందు పనికిరాదు. పొడి సున్నము పడినచో ముందు దులిపివేయవలెను. తడిసిన బట్టలు తీసివేసి, కాలిన చోటును ధారగా పారు నీటితో ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ కడుగవలెను. కన్నును వెంటనే కడుగవలెను. యాసిడ్ కాల్పుపై సున్నము పూయుట వంటివి చేయరాదు. విషము మ్రింగినవారిచే బలవంతముగా వాంతి చేయింపక, ఆ సీసాతో సహా ఆసుపత్రికి కొనిపోవలెను.

విషము వచ్చు దారిని మూయనిచో ఏ విరుగుడును నిలువదు. పాత బ్యాటరీలను ఇంటియొద్ద పగులగొట్టి సీసము కరిగించుచున్నంత కాలము, చికిత్స పొంది ఇల్లు చేరిన బిడ్డ శరీరమున సీసము మరల చేరుచునే యుండును. పశ్చిమ బెంగాలు, బంగ్లాదేశముల గొట్టపుబావుల నీటిలో ఆర్సెనిక్ గల గ్రామములకు ప్రధాన చికిత్స ఇంజక్షను కాదు, మంచినీరు. మందు లోపల చేరిన విషమును తీయును. క్రొత్తగా చేరకుండ కాపాడుట మన చేతిలోని పని.