భిలాయి ఉక్కు సరే, పాత విక్రాంత్ యంత్రాల మాటేమిటి?

న్యూఢిల్లీ: 2022 సెప్టెంబరు 2న కొత్త విక్రాంత్ కొచ్చిలో నౌకాదళంలో చేరినప్పుడు కేంద్ర పాలకులు సగర్వంగా చెప్పుకున్న విషయాలలో ఉక్కు ఒకటి. ఆ గర్వం నిష్కారణమైనది కాదు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల రూపొందించిన డి.ఎం.ఆర్. 249 రకం ఉక్కును సెయిల్ సంస్థ భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాలలో తయారుచేసి, సుమారు 30,000 టన్నులు ఆ నౌకకు అందించింది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసి, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించుకున్న భిలాయికి ఇది సామాన్యమైన ఘనత కాదు.

భిలాయిలో మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వారిలో ఒక విశ్రాంత ఫిట్టరు నన్నడిగిన ప్రశ్న ఈ లేఖకు మూలం. "కొత్త ఓడకు ప్లేటు మేమిచ్చాం బాబూ. మరి పాత ఓడ ఇంజను ఎక్కడుంది?" ఎక్కడా లేదన్నదే దానికి సమాధానం.

ఆ ఇంజను సామాన్యమైనది కాదు. బ్రిటన్‌లో కొని 1961 మార్చిలో మన నౌకాదళంలో చేర్చుకున్న పాత విక్రాంత్‌ను నాలుగు బాయిలర్లు, 40,000 అశ్వశక్తి గల ఆవిరి టర్బైన్లు నడిపేవి. 1970లో బాయిలర్ల నీటి డ్రమ్ములలో పగుళ్ళు బయటపడ్డాయి. అవి వెల్డింగుతో బాగయ్యేవి కావు. కొత్త డ్రమ్ములు ఇక్కడ దొరికేవి కావు. బ్రిటన్ నుండి రావాలి. అవి రాకుండానే 1971 మార్చిలో తక్కువ పీడనంతో బాయిలర్లు వెలిగించి ఓడను కదిలించారు. ఆ డిసెంబరులో అదే ఓడ బంగాళాఖాతంలో నిలిచి చిట్టగాంగు, కాక్స్ బజారులపైకి విమానాలను పంపింది. దానిని వెదుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, 3-4 తేదీల మధ్య రాత్రి విశాఖపట్నం ఎదుట మునిగిపోయింది. కనుక ఆ బాయిలర్ గది మన యుద్ధచరిత్రలో ఒక అధ్యాయం.

1997 జనవరి 31న విశ్రాంతి పొందిన విక్రాంత్ ముంబయిలో మ్యూజియమైంది. భద్రత కారణంగా 2012లో దానిని మూసివేశారు. ఖర్చు భరించే నాథుడు లేకపోవడంతో సుమారు 60 కోట్ల రూపాయలకు తుక్కు కింద అమ్ముడుపోయింది. వ్యాజ్యాలు సుప్రీంకోర్టు వరకు వెళ్ళినా ఫలించలేదు. 2014 నవంబరులో విచ్ఛేదన మొదలైంది. కొంత లోహం మోటారు సైకిళ్ళకు పనికివచ్చింది గాని, ఆ మహాయంత్రం మాత్రం మిగలలేదు.

2017లో సెలవు తీసుకున్న విరాట్ కథా అంతే. దానిని విశాఖకు తెచ్చుకోవాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆశపడింది. మహారాష్ట్ర మంత్రివర్గం 2018లో 852 కోట్ల పథకాన్ని ఆమోదించింది. మాటలు మిగిలాయి, ఓడ మాత్రం 2020లో అలంగ్ తీరానికి చేరింది. వేలం నడిపిన ఎం.ఎస్.టి.సి., కొత్త ఓడకు ఉక్కునిచ్చిన సెయిల్ రెండూ ఒకే ఉక్కు మంత్రిత్వశాఖ కింద ఉండడం గమనార్హం.

ఓడ మొత్తాన్ని కాపాడడం భారీ వ్యయమే, కాదనలేము. తుప్పు పట్టే అడుగుభాగానికి ఏటేటా కోట్లు పోయాలి. కాని యంత్రాన్ని విడదీసి ఒడ్డున నిలపడం వేరు. ఉప్పునీరు తిన్న గొట్టాలను మార్చాలి. బిగుసుకుపోయిన భాగాలను నూనెలో నానబెట్టి విడిపించాలి. బేరింగులను మళ్ళీ పోత పోయాలి. దొరకని విడిభాగానికి కొయ్య నమూనా చేసి ఫౌండ్రీలో పోయించాలి. పాత ఆస్బెస్టాస్ చుట్టలను జాగ్రత్తగా తొలగించాలి. ఈ పనులు తెలిసిన చేతులు భిలాయిలోనూ, విశాఖలోనూ ఉన్నాయి. అమెరికాలో 1943 నాటి జెరెమయా ఓబ్రయన్ అనే సరుకుల ఓడను స్వచ్ఛంద సేవకులే బాగుచేసి, 1994లో సొంత ఆవిరి ఇంజనుతో నార్మండీ దాకా నడిపించారు.

మన ఇంటి ఉదాహరణ కురుసుర. 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి పొందిన ఆ సోవియట్ జలాంతర్గామి, 2002 నుండి విశాఖ రామకృష్ణా బీచిలో మ్యూజియంగా నిలిచింది. ఇరుకు దారిలో డీజిల్ ఇంజన్ల పక్కగా నడిచే పిల్లవాడికి, ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేని పాఠం అక్కడ దొరుకుతుంది.

చిక్కు చట్టంలోనూ ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, విజ్ఞానానికీ పనితనానికీ సాక్ష్యమైన వస్తువైనా సాధారణంగా నూరేళ్ళు నిండితేగాని పురావస్తువు కాదు. నౌకలు ముప్పయి నలభై ఏళ్ళకే తుక్కు దుకాణానికి చేరుతాయి. నూరేళ్ళు నిండేదాకా వాటి యంత్రాలను ఎవరు ఉంచుతారు?

పార్లమెంటు సభ్యులు ఈ ఒక్క ప్రశ్నయినా వేయవచ్చు. ప్రభుత్వ నౌక వేలానికి వచ్చినప్పుడు, సుత్తి పడకముందే దాని ప్రధాన యంత్రాన్నో, అందులో ఒక భాగాన్నో మ్యూజియంలకు, ఇంజనీరింగు కళాశాలలకు ఇవ్వజూపాలన్న నిబంధన చేరిస్తే ఖజానాకు పోయేది స్వల్పం. నేటి విక్రాంత్‌ను నడిపే నాలుగు గ్యాస్ టర్బైన్లకూ ఒకనాడు విశ్రాంతి తప్పదు. ఆ నాటికైనా నిబంధన సిద్ధంగా ఉండాలంటే, దానిని ఇప్పుడే రాయాలి.