రాజుల ఆసనాలు, మన గదులు

సంబంధం ఖాయం కాగానే ఈనాడు మా అనుమసముద్రంపేట వైపు ఇళ్లలో సైతం 'మహారాజా సోఫా' ప్రస్తావన వస్తోంది. బంగారు రంగు పూసి, లతలు చెక్కిన ఆ ఆసనాల మూలం ఫ్రాన్సు. వంపు తిరిగిన కాళ్లు పదిహేనవ లూయీ కాలపు శైలి. నిటారుగా ఉండి కిందికి సన్నబడే గాడుల కాళ్లు పదహారవ లూయీ నాటివి. ఎత్తయిన కప్పులున్న విశాల మందిరాలకు తగిన కొలతలవి.

తెలుగు నేలపై ఆ వైభవాన్ని కోరినవారిలో పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా ఒకరు. 1884లో పునాది వేసిన ఫలక్‌నుమా మహల్‌ను ఐరోపా సామగ్రితో నింపారు. అక్కడి భోజనపు బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. అంతటి సంపన్నులే ఆ ఖర్చుతో అప్పుల పాలయ్యారు. మహల్ చివరకు ఆరవ నిజాం వశమైంది. నవాబులకే మోయరాని బరువును రోజుకూలి తండ్రి ఎలా మోయగలడు?

శైలిపై మనకు ద్వేషం లేదు. ఇష్టమైతే పూర్తి సెట్టుకు బదులు నిటారు కాళ్ల కుర్చీ ఒకటి చాలు. కొనేముందు గదిని కొలవాలి. కుర్చీని తిరగేసి అతుకులు చూడాలి. లోతైన చెక్కడాల్లో దుమ్ము నిలుస్తుంది. చెక్కపొడి పలకలు తడికి ఉబ్బుతాయి. పనితనమే కావాలంటే, చెంచాలు, గరిటెలు అందంగా చెక్కే చేతులు పొరుగునే ఉదయగిరిలో ఉన్నాయి.

నికాహ్‌లో మహర్ ఇవ్వవలసినవాడు వరుడు. సోఫా అడిగే హక్కు అతనికి ఎక్కడిది? తన సంపాదనతో కొన్న చాపపై కూర్చోబెట్టినా వధువుకు అదే గౌరవం.