పులి వరసలో ఉడుము

చిన్న డబ్బీ. మూత తీస్తే లవంగాలు, కర్పూరం, సిందూరం. మధ్యలో ఎండిన వేరులాంటిది ఒకటి, రెండు చేతులు జోడించి దణ్ణం పెడుతున్నట్టు. పేరు హత్తాజోడీ. అడవిలో అరుదుగా దొరికే వేరని, గల్లాపెట్టెలో పెట్టుకుంటే లక్ష్మి కదలదని చెప్పి అమ్ముతారు. నిజానికది మగ ఉడుము జననాంగం. 2017లో పరిశోధకులు గుట్టు విప్పేదాకా ఆన్‌లైన్ దుకాణాల్లోనూ దర్జాగా దొరికేది. పరీక్షకు పంపినవాటిలో కొన్ని ఉత్త ప్లాస్టిక్ అచ్చులని తేలింది. వాటిని కొని మోసపోయినవాళ్ల మీద నాకు జాలేం కలగలేదు. ఆ మేరకు కొన్ని ఉడుములు బతికాయి.

ఉడుము అనగానే మనకు గుర్తొచ్చేది దాని పట్టు. ఆ పట్టే దాని చావుకొచ్చింది. తరిమితే బొరియలోకో చెట్టుతొర్రలోకో దూరి, ఒళ్లు ఉబ్బించి, గోళ్లతో కరుచుకుని ఉండిపోతుంది. గడ్డపార ఉన్నవాడికి ఇంకేం కావాలి?

మన దేశంలో నాలుగు జాతులున్నాయి: పొలాల్లో తిరిగే మామూలు ఉడుము, నీటి ఉడుము, పసుపు ఉడుము, ఎడారి ఉడుము. నాలుగూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనే, పులితోపాటే ఉన్నాయి. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. 10 వేలుగా ఉన్న కనీస జరిమానాను 2022 సవరణ 25 వేలు చేసింది. తోలో మాంసమో దగ్గర దొరికితే, అది అక్రమం కాదని నిరూపించుకోవాల్సిన భారం దొరికినవాడిదే. ఇంత చట్టం ఉన్నా పసుపు ఉడుము అంతరించే ప్రమాదంలో పడింది, మన మామూలు ఉడుము ఆ అంచుకు దగ్గరవుతోంది. పులి చస్తే మొదటి పేజీ వార్త. ఉడుము చస్తే కూర. నడుంనొప్పికి మంచిదట!

సంగీతానిదీ కొంత పాపం ఉంది. కంజీరకు పనసచెక్క చట్రం, దాని మీద ఉడుము తోలు. కచేరీకి ముందు వాద్యకారుడు తోలు లోపలివైపు నీళ్లు అద్ది, తట్టి చూసుకుని, నాదం దించుతాడు. ఇప్పుడు కృత్రిమ తోలుతోనూ చేస్తున్నారు. చెవికి తేడా తెలుస్తుంది, ఒప్పుకుంటాను. అలవాటు పడదాం.

మొన్న చెరువుగట్టు మీద ఒకటి కనిపించింది. చీలిన నాలుక చాపి, లోపలికి లాక్కుని, మళ్లీ చాపి గాలిలో వాసన పడుతోంది. మెల్లగా చెదపుట్ట వైపు తిరిగింది. ఆడదైతే గుడ్లకు చోటు వెతుక్కుంటోందేమో. నా పక్కనున్న రైతు కర్ర ఎత్తాడు.

“కొట్టకు బాబాయ్, విషం లేదు దానికి. నీ చేలో ఎలుకల్ని తింటుంది. కొడితే పులిని చంపినట్టే కేసు.”

“ఉడుముకీ పులికీ ఒకటే శిక్షా?” అన్నాడు. కర్రయితే దించాడుగానీ, నన్ను నమ్మినట్టు లేదు.