మోటారుకారు మూతకు గాలిరంధ్రములు



పొయ్యి రాజుకొన్నప్పుడు వంటయింటి తలుపు తెఱచినంత మాత్రమున పొగ పోదని మన యిండ్లలో నెల్లరు నెఱుగుదురు. పైకప్పున పొగ వెడలు సందుండవలెను. వెలికిపోవు త్రోవ లేనియెడల లోనికి వచ్చు గాలియు నిలిచిపోవును. మోటారుకారు ఇంజను విషయమునను న్యాయ మిదియే. నేటి ప్రసంగమున నేను మనవి చేయబోవు సంగతి యింతే.

ఇంగ్లండు దేశమున కొందఱు కారును విడిభాగములుగా కొని, యింటివద్ద తామే బిగించుకొందురు. ఇట్టి కార్లలో పేరుపొందినది 1957లో కాలిన్ చాప్మన్ గారి లోటస్ సంస్థ వెలువరించిన ‘సెవెన్’ అను చిన్న కారు. ఆ కాలమున అచ్చట సిద్ధముగా బిగించిన కారుపై కొనుగోలుపన్ను ఉండెను. విడిభాగములుగా కొన్నవారికి ఆ భారము తప్పెడిది. 1973లో ఆ పన్ను తొలగి వేఱొక పన్ను వచ్చినది. ఆ యేటనే కేటర్‌హామ్ సంస్థవారు సెవెన్ నిర్మాణపు హక్కులను పొందిరి. పన్ను లాభము పోయినను, స్వహస్తములతో కారు బిగించుకొను వేడుక మాత్రము నేటికిని పోలేదు.

ఇందొక చిక్కు కలదు. పెద్ద కర్మాగారమువారు తమ కారులో గాలి యెటు వచ్చి యెటు పోవునో ముందుగానే పరీక్షించి చూతురు. ఇంట బిగించువాడో, యొక కారు ఇంజనును వేఱొక చట్రమున, ఇఱుకైన మూత క్రింద అమర్చును. పెట్రోలు మండగా పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే పనికి వచ్చును. మఱియొక మూడవవంతు పొగగొట్టమున పోవును. తక్కినదానిలో చాల భాగమును నీరు గ్రహించి రేడియేటరునకు చేర్చును. అచ్చట గాలి దానిని కొనిపోవలెను. పోనిచో నీరు మరగును, సిలిండర్లపై మూత వంకరవోవును, నెలల తరబడి పడిన శ్రమ ఒక్క ప్రయాణమున వ్యర్థమగును.

అప్పుడు యజమానుడు తఱచుగా రెండు పొరపాట్లు చేయును. ముందువైపు ద్వారమును పెద్దది చేయుట మొదటిది. లోపల గాలి క్రిక్కిఱిసియుండగా ద్వారము పెంచి ప్రయోజన మేమి? మూత వెనుక అంచును కొంచెము పైకెత్తుట రెండవది. కారు నిలిచియున్నప్పుడు వేడిగాలి అందుండి పైకిపోవుట నిజమే. కాని కారు పరుగిడునప్పుడు ఎదురుగాలి ముందరి యద్దమునకు తాకి, దాని మొదట పోగుపడి, యొత్తిడి కలిగించును. కావున ఆ సందున గాలి వెలికి పోవుటకు మాఱుగా లోనికే చొచ్చును. మూత ముందుభాగమున, రేడియేటరునకు కొంచెము వెనుకగా, గాలి వేగముగా ఎగసి పోవుటచే అచ్చట ఒత్తిడి తక్కువ. రంధ్రము పెట్టదగిన తావు సామాన్యముగా నదియే.

ఐనను కోయుటకు ముందు తక్కిన లోపములను వెదకవలెను. నీరు నిండుగా నున్నదా? పంకా సరిగా తిరుగుచున్నదా? రేడియేటరు చుట్టును సందులున్నవా? కాలువగట్టుకు గండి పడినచో చివరి పొలమునకు నీరందనట్లే, ప్రక్క సందులుండగా గాలి రేడియేటరు గుండ పోదు. ఆ సందులు మూసినంతనే కొన్ని కార్లు చల్లబడును. వేడిగా నున్నప్పుడు మాత్రము రేడియేటరు బిరడాను విప్పరాదు. సలసల మరగు నీరు మీద చిమ్మును.

అప్పటికిని వేడి తగ్గనిచో, జానెడు నూలుపోగులను మూతపై వరుసగా అంటించి కారు నడుపవలెను. వేఱొక బండిలో ప్రక్కన వచ్చువాడు వానిని గమనింపవలెను. తూర్పారబట్టు రైతు పొల్లు పోవు తీరునుబట్టి గాలివాలు నెఱిగినట్లు, పోగులు వెనుకకు చక్కగా సాగినచోట గాలి సాఫీగా పోవుచున్నదనియు, చెదరి తిరుగుచున్నచోట సుడిపడుచున్నదనియు తెలిసికొనవచ్చును. సాఫీగా పోవుచోటనే రంధ్రము మేలు.

పిమ్మట కాగితపు నమూనా అంటించి, క్రింద బలపుపట్టీలు గాని తీగలు గాని లేవని చూచుకొని, మూలలయందు గుండ్రని తూట్లు పొడిచి, వాని నడుమ కోయవలెను. మూలలు గుండ్రముగా లేనిచో అదురుచే రేకు అచ్చటనే చీలును. రేకుపెదవులు వెనుకకు నోరు తెఱచినట్లుండవలెను. అంచులను ఆకురాయితో నునుపు చేయవలెను. గాజునార మూతయైనచో కోయునప్పుడు ముక్కునకును నోటికిని మంచి ముసుగు కట్టుకొనవలెను. ఆ ధూళి రొమ్మునకు కీడు. వాన కురిసినప్పుడు నీరు విద్యుత్తీగలపై పడకుండ క్రింద చిన్న దోనె అమర్చుట మంచిది.

కోసిన రేకు మరల మునుపటివలె కాదు. కావున గాలి యెటు పోగోరుచున్నదో ముందు చూచి, పిమ్మటనే రంపము చేతబట్టవలెను. గాలి వచ్చుటకు మాత్రమేగాక పోవుటకును త్రోవ నిచ్చినవాని ఇంజను చిరకాలము చల్లగా పనిచేయును.